మూత్రపిండంలోకి ఎగిరిన అంతరిక్ష నౌక: ఒక పాత వీడియో ఆట, దాని పునర్జన్మలు



సాధారణంగా ఇక్కడ మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు వంటి విషయాలు ముచ్చటించుకుంటూ ఉంటాం. ఈసారి ఒక వీడియో ఆట చరిత్ర చెప్పబోతున్నాను. డెబ్బై దాటిన వయసులో డాక్టరుకు ఇదేమి కొత్త సరదా అని మీరు నవ్వుకున్నా తప్పులేదు. అయితే ఈ కథలో మూత్రపిండాలున్నాయి, బాక్టీరియా ఉంది, బొటనవేలి నొప్పి ఉంది. అన్నిటికీ మించి, ముప్ఫై ఏళ్ల క్రితం నేను రాసిన ఒక మందుల చీటీ ఉంది. అందుచేత ఇది మనం చెప్పుకోదగిన కథే.

1995 ప్రాంతంలో ఒక తల్లి తన పదమూడేళ్ల కుమారుణ్ణి నా దగ్గరకు తీసుకువచ్చింది. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. బొటనవేలిని పిడికిట్లో ముడిచి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచగానే పిల్లవాడు కెవ్వుమన్నాడు. "ఏం చేస్తుంటావు నాయనా?" అని అడిగితే తల దించుకున్నాడు. తల్లే చెప్పింది: "వేసవి సెలవులు మొదలైనప్పటి నుంచీ అన్నదమ్ములిద్దరూ ఆ టీవీ గేము వదలడం లేదు డాక్టరు గారూ." నేను మాత్రలు రాశాను, పట్టీ కట్టాను. చీటీ చివర పెద్ద అక్షరాలతో "టీవీ గేము పూర్తిగా మానవలెను" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ పెట్టె ఆ సాయంత్రమే అటకెక్కిందట.

ఆ పిల్లవాడు ఇప్పుడు నలభై దాటిన గృహస్థు. కిందటి శీతాకాలంలో తన కూతురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కబుర్ల మధ్య నవ్వుతూనే అన్నాడు: "డాక్టరు గారూ, ఆ ఆటలో రెండు ఓడలుండేవి. ఒకటి నాది, రెండోది మా అన్నయ్యది. ఆ సెలవుల తరువాత అన్నయ్య హాస్టలుకు వెళ్లిపోయాడు, ఆ తరువాత అమెరికాకు. మేమిద్దరం కలిసి ఆడుకున్నవి ఆ కొద్ది వారాలే." మాటలో నిష్ఠూరం లేదు. నా మనసులో మాత్రం ఆ రెండు గీతలు మెదిలాయి. క్యాసెట్టు మీద ఏ పేరుండేదో అతనికి గుర్తులేదు. మాంసపు గోడల మధ్య ఎగిరే ఓడలు, ఒంటికన్ను మెదడు అని అతను చెప్పిన ఆనవాళ్లను బట్టి, అతని కూతురు తన సెల్‌ఫోనులో వెతికి పేరు పట్టుకుంది. ఆ ఆట పేరు "సాలమాండర్". దానికే మరొక పేరు "లైఫ్ ఫోర్స్", అంటే ప్రాణశక్తి.

ఆ తరువాత కొన్ని వారాలు దాని చరిత్ర చదువుతూ గడిపాను. నేను తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

నక్షత్రాల దారి

తెర ఒక పక్కకు నిదానంగా జరుగుతూ ఉంటుంది. చిన్న ఓడను పైకీ కిందికీ నడుపుతూ, ఎదురొచ్చే శత్రువులను కాలుస్తూ ముందుకు పోవాలి. ఈ తరహా ఆటలను సైడ్ స్క్రోలింగ్ షూటర్లు అంటారు. 1981లో అమెరికాలో విలియమ్స్ సంస్థ తెచ్చిన "డిఫెండర్", అదే ఏడాది జపాన్‌లో కొనామి సంస్థ తెచ్చిన "స్క్రాంబుల్" ఈ వంశానికి పెద్దలు. స్క్రాంబుల్‌లో ఓడకు ఇంధనం తరిగిపోతూ ఉంటుంది. నేల మీది ఇంధన పీపాలను పేలిస్తేనే ప్రయాణం సాగుతుంది.

1985లో కొనామి "గ్రాడియస్"ను విడుదల చేసింది. జపాన్ వెలుపల దీనిని "నెమెసిస్" అన్నారు. ఆటగాడు నడిపే ఓడ పేరు విక్ వైపర్. శత్రు సామ్రాజ్యం పేరు బాక్టీరియన్! శత్రువుకు పేరు వెతుక్కోవలసి వచ్చినప్పుడు ఆ ఆట కర్తలకు సూక్ష్మజీవులే తోచాయన్న మాట.

గ్రాడియస్ యంత్రం కూడా విచిత్రమైనదే. తొలి రూపంలో అది మాగ్నెటిక్ బబుల్ మెమరీ అనే నిల్వ పద్ధతి మీద నడిచింది. ఆ మెమరీ తగినంత వేడెక్కితే తప్ప పని చేయదు. స్విచ్చి వేయగానే తెర మీద అంకెలు తగ్గుతూ వస్తుంటే, ఒక మృదువైన సంగీతం వినిపించేది. అభిమానులు దానిని "మార్నింగ్ మ్యూజిక్" అని ఇప్పటికీ తలుచుకుంటారు. వ్యాయామానికి ముందు కండరాలను వేడెక్కించుకోండి అని మేము చెప్పి చెప్పి అలసిపోయాం. ఆ యంత్రం ఎవరూ చెప్పకుండానే ఆ నియమం పాటించింది.

గ్రాడియస్‌లో ఎర్రని గుళికలను ఏరుకుంటూ పోతే వేగం, క్షిపణులు, కవచం వంటి శక్తులను ఒక పట్టిక నుంచి ఎంచుకోవచ్చు. ఓడ ఒక్కసారి పేలితే మాత్రం కూడబెట్టినదంతా పోతుంది. ఒట్టి చేతులతో కొంత దూరం వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ బలహీన స్థితిలో తిరిగి కోలుకోవడం దాదాపు అసాధ్యం. ఈ దురవస్థకు ఆటగాళ్లు పెట్టిన పేరు "గ్రాడియస్ సిండ్రోమ్". వైద్యులకే పరిమితం అనుకున్న మాటను వాళ్లు ఎంత సముచితంగా వాడుకున్నారో చూడండి. దీర్ఘవ్యాధి తరువాత ఒక్కసారిగా నీరసించిన వృద్ధుల స్థితి అచ్చంగా ఇదే. పడిపోవడం ఒక దెబ్బ, పడిన చోట నుంచి లేవలేకపోవడం అంతకంటే పెద్ద దెబ్బ.

సాలమాండర్ పుట్టుక

1986లో కొనామి గ్రాడియస్‌కు తోబుట్టువుగా సాలమాండర్‌ను తెచ్చింది. ప్రకృతిలో సాలమాండర్ అంటే బల్లిని పోలిన ఒక ఉభయచర జీవి. తెగిపోయిన కాలిని ఎముకతో, కండరంతో, నరంతో సహా తిరిగి మొలిపించుకోగల అరుదైన ప్రాణి. యూరప్ పాత కథల్లో అది నిప్పులో నివసించే జంతువు. ఆటలో కనిపించేది ఈ రెండో రూపమే. మూడవ అంచెలో ఎగసే అగ్నిజ్వాలల మధ్య నిప్పు సర్పాలు మీదికి వస్తాయి. తెగిన చోట మళ్లీ మొలిచే లక్షణం మొదటి అంచెలోనే ఉంది. అక్కడ దారికి అడ్డంగా మాంసపు గోడలు పెరుగుతాయి. కాల్చి దారి చేసుకుంటే, ఓడ దాటేలోపే అవి మళ్లీ పూడుకుంటూ వస్తాయి. ఆ అంచె చివర కాపలా ఉండేది రెండు చేతులు, నడుమ ఒక్క కన్ను గల పెద్ద మెదడు. కన్ను దాని ఆయువుపట్టు. మెదడుకు కన్ను మొలవడం వికృత కల్పనగా తోచవచ్చు కానీ, పిండదశలో మన కంటిలోని రెటీనా మెదడు నుంచి వెలుపలికి పెరిగిన భాగమే. కళ్ల డాక్టరు కంటిపాప గుండా చూసేది, ఒక విధంగా, మెదడు కొసనే.

ఈ ఆటలో మూడు మార్పులు ముఖ్యమైనవి. మొదటిది, తెర ఒక అంచెలో పక్కకు, మరొక అంచెలో పైకి జరుగుతుంది. మొత్తం ఆరు అంచెల్లో ఈ రెండు పద్ధతులూ మారి మారి వస్తాయి. రెండవది, ఓడ పేలినా వెనక్కి పోనవసరం లేదు. కొత్త ఓడ అక్కడికక్కడే ప్రత్యక్షమవుతుంది. మూడవది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇద్దరు ఒకేసారి, ఒకే తెర మీద, ఒకే పక్షాన ఆడవచ్చు. రెండవ ఓడ పేరు లార్డ్ బ్రిటిష్. అంటే ఒకరు ఓడితే మరొకరు గెలిచే పోటీ కాదిది. పక్కన కూర్చున్నవాడు తోడు. నా దగ్గరకు వచ్చిన పిల్లవాడి పక్కన ఆ వేసవిలో కూర్చున్నది వాళ్ల అన్నయ్య.

అంతరిక్షం శరీరమైన వైనం

ఇక్కడి నుంచి పునర్విడుదలల కథ మొదలవుతుంది. ఈ ఆటను అమెరికాకు పంపేటప్పుడు కొనామి దాని పేరును "లైఫ్ ఫోర్స్" అని మార్చి, కథనే తిప్పివేసింది. ఓడలు ఇప్పుడు అంతరిక్షంలో ఎగరడం లేదు. బాక్టీరియా సోకిన ఒక బ్రహ్మాండమైన గ్రహాంతర జీవి శరీరంలో ఎగురుతున్నాయి. ఆట ప్రారంభంలో ఈ సంగతి చెప్పే నాలుగు వాక్యాలు చేర్చారు. బొమ్మలు మాత్రం దాదాపుగా పాతవే. నల్లని ఆకాశంలో నక్షత్రాల మధ్య దొర్లుకుంటూ వచ్చే గ్రహశకలాలను ఏం చేయాలి? ఆ చోటును మూత్రపిండ ప్రాంతమన్నారు, గ్రహశకలాలను మూత్రపిండాల్లోని రాళ్లన్నారు! ఆ సమర్థింపు చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. కిడ్నీలో రాయి కదిలినప్పుడు ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఎరిగిన రోగి మాత్రం, అది ఆకాశం నుంచి పడిన గ్రహశకలమే అంటే కాదనడు.

ఆ అతుకు జపాన్‌వారికీ నచ్చినట్లుంది. 1987లో లైఫ్ ఫోర్స్ పేరుతోనే సవరించిన ఆటను స్వదేశంలో మళ్లీ విడుదల చేశారు. ఈసారి పేరుతో సరిపెట్టలేదు. లోహపు కట్టడాలు, నక్షత్రాలు ఉన్న చోట్ల కండరాలు, పొరలు, నాళాలు పోలిన చిత్రాలు గీశారు. కొంత సంగీతం మార్చారు. శక్తులను ఎంచుకునే గ్రాడియస్ పట్టికను తిరిగి తెచ్చారు. ఒక ఆట సముద్రం దాటిపోయి, కొత్త కథను వెంటబెట్టుకొని పుట్టింటికి తిరిగి వచ్చిందన్న మాట. మామూలు పునర్ముద్రణలో అచ్చుతప్పులు దిద్దుతారు. ఇక్కడ గ్రంథం అర్థమే మారింది.

శరీరంలోకి ఓడను పంపే ఊహ కొత్తది కాదు. 1966లో వచ్చిన "ఫెంటాస్టిక్ వాయేజ్" అనే అమెరికన్ చలనచిత్రంలో ఒక శాస్త్రవేత్త మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని తొలగించడానికి, వైద్యులను, జలాంతర్గామిని సూక్ష్మరూపంలోకి కుదించి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఊహ సినిమాది, ఆట పిల్లలది. కానీ అదే కాలంలో నిజమైన వైద్యశాస్త్రం ఏం చేస్తున్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

జర్మనీలో డోర్నియర్ అనే విమాన నిర్మాణ సంస్థ ఉండేది. ధ్వనికంటే వేగంగా పోయే విమానానికి వాన చినుకులు తగిలినప్పుడు పుట్టే అఘాత తరంగాలు లోహాన్ని ఎలా దెబ్బతీస్తాయో వారి ఇంజినీర్లు పరిశోధించారు. ఆ పరిశోధన దారి మళ్లి, శరీరాన్ని కోయకుండా బయటి నుంచి తరంగాలు పంపి మూత్రపిండాల్లోని రాళ్లను పిండి చేసే యంత్రంగా పరిణమించింది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో తొలి రోగికి ఆ చికిత్స జరిగింది. 1984 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతినిచ్చింది. అంటే యుద్ధవిమానం కిడ్నీ రాళ్లను పేల్చే ఆట పుట్టేనాటికి, విమానాల సంస్థ తయారుచేసిన యంత్రం ఆస్పత్రుల్లో నిజంగానే ఆ పని చేస్తున్నది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. మనిషి ఊహ, మనిషి విజ్ఞానం ఒకే వీధిలో నడుస్తాయని మాత్రం అంటాను.

మరొక ఉదాహరణ. క్షిపణులకు లక్ష్యాన్ని చూపే దృశ్య పరికరాల మీద పనిచేసిన గావ్రియేల్ ఇద్దాన్ అనే ఇజ్రాయెల్ ఇంజినీరు, మాత్రలా మింగగలిగే కెమెరాను రూపొందించాడు. 2001లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. చిన్నప్రేగులో రక్తస్రావం ఎక్కడ జరుగుతున్నదో తెలియక తల పట్టుకున్న వైద్యులకు ఆ చిన్ని గుళిక దారి చూపింది. అది ఎవరినీ కాల్చదు. చూస్తూ, చిత్రాలు పంపుతూ తన దారిన తాను వెళ్లిపోతుంది.

వైద్యుడిగా ఆట మీద నాకున్న అభ్యంతరం ఇక్కడే. లైఫ్ ఫోర్స్‌లో శరీరంలో కదిలేదల్లా శత్రువే, కనిపించినదాన్నల్లా కాల్చవలసిందే. నిజమైన శరీరం అటువంటి రణరంగం కాదు. మన కణాల సంఖ్యతో పోల్చదగినన్ని బాక్టీరియాలు మనలో కాపురముంటున్నాయి. వాటిలో అత్యధికం హాని చేయనివి, అనేకం మేలు చేసేవి. జలుబు చేసిన ప్రతిసారీ మందుల దుకాణంలో అడిగి యాంటీబయోటిక్ మింగేవారు ఈ ఆటగాడిలాగే కళ్లు మూసుకొని కాలుస్తున్నారు. జలుబు తెచ్చేది వైరస్; ఆ గుళ్లు దానికి తగలవు. తగిలేది మంచి బాక్టీరియాకు. బతికి బయటపడిన మొండివి మందుకు లొంగని రకాలుగా మారి తిరిగి వస్తాయి, కాల్చిన చోట మళ్లీ పెరిగే ఆ మాంసపు గోడల్లాగానే.

ఇళ్లలోకి వచ్చిన ముప్ఫై ప్రాణాలు

ఆర్కేడ్ యంత్రానికి ఒక సహజమైన హద్దు ఉంది. జేబులోని నాణేలు అయిపోతే ఆట అయిపోతుంది. జపాన్‌లో వంద యెన్ల నాణెం, అమెరికాలో పావు డాలరు. ఆట కఠినంగా ఉండడం యజమానికి లాభం. నిలబడి ఆడవలసి రావడం, వెనుక వరుసలో మరొకరు వేచి ఉండడం ఆటగాడి దేహానికి లాభం. ఇంట్లోకి వచ్చాక ఆ హద్దులన్నీ తొలగిపోయాయి.

1986లో గ్రాడియస్‌ను నింటెండో వారి ఫామికామ్ అనే ఇంటి యంత్రానికి మలిచే బాధ్యత కజుహిసా హషిమోతో అనే ప్రోగ్రామరు మీద పడింది. పరీక్షించడానికి తానే ఆడవలసి వస్తే, ఆట తనకే మహాకష్టంగా తోచింది. అందుకని పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ అని మీటలు నొక్కితే శక్తులన్నీ ఒక్కసారిగా లభించే రహస్య సూత్రం పెట్టుకున్నాడు. అది విడుదలైన ఆటలోనూ ఉండిపోయింది. "కొనామి కోడ్"గా అదే లోకప్రసిద్ధమైంది. హషిమోతో 2020 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు ప్రపంచమంతటా ఆటగాళ్లు ఈ మీటల వరుస రాసి నివాళి పట్టారు.

సాలమాండర్ 1987లో ఫామికామ్‌కు వచ్చింది. దాని క్యాసెట్టు పారదర్శకమైన నీలిరంగులో ఉండేది. 1988లో అమెరికాలో లైఫ్ ఫోర్స్ పేరుతో వచ్చిన ఇంటి రూపంలో ఈ సూత్రం నొక్కితే ముప్ఫై ప్రాణాలు లభించేవి. అదే సంస్థ ఆట "కాంట్రా"లోనూ అంతే. 1990 దశకంలో మన పట్టణాల్లో టీవీ గేము పెట్టెలతో పెరిగిన తెలుగు పిల్లల్లో ఎంతోమంది ఈ మీటల వరుసను ఎక్కాల్లా అప్పజెప్పగలరు. మన ఇళ్లకు చేరినవి చాలావరకు ఫామికామ్‌కు అనుకరణ యంత్రాలు, ఒకే క్యాసెట్టులో ఎన్నో ఆటలు.

కొనామివారికి హాస్యం కూడా తెలుసు. సూపర్ ఫామికామ్ కోసం 1990లో వచ్చిన గ్రాడియస్ 3లో ఈ సూత్రాన్ని పాత పద్ధతిలోనే నొక్కితే, శక్తులు రాకపోగా ఓడ అక్కడికక్కడే పేలిపోతుంది! అడ్డదారి మందులకు అలవాటుపడినవారు గుర్తుంచుకోదగిన ఉదాహరణ.

ముప్ఫై ప్రాణాలు తెరలోని ఓడకే కాని, మీట నొక్కే వేలికి కావు. ఈ సంగతి వైద్యపత్రికలు త్వరగానే గమనించాయి. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే ప్రతిష్ఠాత్మక పత్రికలో 1981లోనే "స్పేస్ ఇన్వేడర్స్ మణికట్టు" గురించి ఒక లేఖ వెలువడింది. 1990లో అదే పత్రికలో "నింటెండినైటిస్" అనే మాట కనిపించింది. అందులోని రోగి చిన్నపిల్లవాడు కాదు; ముప్ఫై అయిదేళ్ల మహిళ. కుమారుడి ఆట యంత్రంతో విరామం లేకుండా అయిదు గంటలు ఆడి, కుడి బొటనవేలి నొప్పితో వైద్యుడి దగ్గరకు వచ్చింది.

బొటనవేలిని కదిలించే రెండు స్నాయువులు మణికట్టు పక్కన ఒక ఇరుకైన తొడుగు గుండా సాగుతాయి. అదేపనిగా కదిలిస్తే ఆ తొడుగు మందమై, నొప్పి పుడుతుంది. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వర్ణించిన ఈ స్థితికి ఆయన పేరే నిలిచింది. పసిబిడ్డలను పదేపదే ఎత్తుకునే తల్లుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. నేటి కాలంలో సెల్‌ఫోను మీద బొటనవేళ్లతో గంటల తరబడి రాసేవారిలోనూ చూస్తున్నాం. విశ్రాంతి, కొద్ది వారాల పట్టీ, వాపు తగ్గించే మందు చాలావరకు సరిపోతాయి. అవసరమైతే ఒక ఇంజెక్షను, శస్త్రచికిత్స అరుదు. పసిబిడ్డ తల్లికి "ఇక మీ బిడ్డను ఎత్తుకోవద్దు" అని ఏ వైద్యుడూ చీటీ రాయడు. ఎలా ఎత్తుకోవాలో నేర్పుతాడు. ఆ పిల్లవాడి విషయంలో నేను ఆ పాటి ఆలోచన చేయలేదు.

మళ్లీ మళ్లీ పుట్టిన ఆట

తరువాతి పునర్విడుదలలను సంక్షిప్తంగా చెబుతాను. 1991లో పీసీ ఇంజిన్ అనే ఇంటి యంత్రానికి సాలమాండర్ వచ్చింది. 1996లో ఆర్కేడ్‌లో సాలమాండర్ 2 వచ్చింది. 1997లో మొదటి సాలమాండర్, లైఫ్ ఫోర్స్, సాలమాండర్ 2 మూడింటినీ కలిపి ప్లేస్టేషన్, శాటర్న్ యంత్రాలకు ఒక సంపుటిగా తెచ్చారు. 2007లో చేతిలో ఇమిడే పీఎస్‌పీకి మరొక సంపుటి. 2019లో కొనామి యాభై ఏళ్ల పండుగ సందర్భంగా వెలువడిన ఎనిమిది ఆర్కేడ్ ఆటల సంకలనంలోనూ ఇది చోటు చేసుకుంది. 2025 ఆగస్టులో "గ్రాడియస్ ఆరిజిన్స్" అనే పెద్ద సంకలనం వచ్చింది. అందులో పాత ఆటల వేర్వేరు దేశాల రూపాలతో పాటు సరికొత్త సాలమాండర్ 3 కూడా ఉంది. దాదాపు ముప్ఫై ఏళ్ల తరువాత ఆ వంశంలో పుట్టిన బిడ్డ అది.

ఈ చరిత్రలో నాకు ఒక వరుస కనిపించింది. 1985లో ఓడ పేలితే ఆటగాడు వెనక్కి పోవాలి. 1986లో పేలిన చోటే మళ్లీ పుట్టవచ్చు. 1988లో ముప్ఫై ప్రాణాలు. ఈనాటి సంకలనాల్లో కావలసిన క్షణాన్ని భద్రపరచుకోవచ్చు. తాజా దానిలో అయితే చేసిన తప్పును వెనక్కి తిప్పి, జరగనట్టే మళ్లీ ఆడవచ్చు. ప్రతి పునర్విడుదలా ఆటగాడి మీద కొంచెం ఎక్కువ దయ చూపింది. నావంటి ముసలి చేతులకు ఆ దయ ఎంతో అవసరం. కానీ ఆట తనంతట తాను ముగిసే ఘడియ కూడా ఆ దయతోపాటే తొలగిపోయింది. ఇప్పుడు "చాలు" అనవలసినది యంత్రం కాదు, నాణెం కాదు; మనమే.

ఆ మాట అనలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగా గుర్తించింది. 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణలో "గేమింగ్ డిజార్డర్" చేరింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం దాని మూడు లక్షణాలు. చదువు, ఉద్యోగం, కుటుంబం దెబ్బతినేంత తీవ్రంగా ఇవి సాధారణంగా ఏడాది పాటు సాగితేనే ఆ పేరు పెడతారు. సెలవుల్లో అన్నతో కలిసి కొద్ది వారాలు ఆడిన పిల్లవాడికి అది వర్తించదు. నేను వర్తింపజేశాను.

నేను రాయవలసిన చీటీ

ఆ రోజు నేను ఏమి రాసి ఉండవలసిందో ఇప్పుడు చెబుతాను. మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే ఇది మీకూ పనికివస్తుంది.

నొప్పి ఉన్నన్నాళ్లు, అంటే రెండు మూడు వారాలు, ఆ చేతికి పూర్తి విశ్రాంతి. ఆ తరువాత అరగంటకొకసారి లేచి, చేతులు విదిలించి, నాలుగడుగులు నడవాలి.

ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూస్తే కళ్లకు ఉపశమనం.

చీకటి గదిలో తెరకు దగ్గరగా కూర్చోరాదు. మెరుపుల వెలుగులకు మూర్ఛ వచ్చే స్వభావం కొందరిలో ఉంటుంది. ఆడుతుండగా చూపు చెదిరినా, కండరాలు అదిరినా వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి.

నిద్రకు గంట ముందు ఆట కట్టివేయాలి. ఏ సమయానికి ఆపాలో మొదలుపెట్టక ముందే నిర్ణయించుకోవాలి. మధ్యలో చేసే నిర్ణయం ఎప్పుడూ "ఇంకొక్కసారి" అనే ఉంటుంది.

చివరిది, నేను అసలు తలచనిది. వీలైతే ఒంటరిగా కాక, ఇద్దరు కలిసి ఆడాలి.

ఆ రోజు అతను తనతో తెచ్చిన చిన్న యంత్రాన్ని మా టీవీకి తగిలించి, ఒక మీటల పలక నా చేతిలో పెట్టాడు. "రెండో ఓడ మీరు తీసుకోండి డాక్టరు గారూ" అన్నాడు. మొదటి మాంసపు గోడ దగ్గరే నా ఓడ పేలింది. మళ్లీ పుట్టింది, మళ్లీ పేలింది. అతని కూతురు నా చేయి పట్టుకొని, "తాతగారూ, బొటనవేలు అంత గట్టిగా నొక్కకండి, నొప్పెడుతుంది" అంది. మేము ముగ్గురం నవ్వుకున్నాం. గోడ మీది గడియారం చూసి, సరిగ్గా అరగంటకు ఆపేశాను.

వెళ్లేముందు అతను చెప్పాడు: వచ్చే సంక్రాంతికి అన్నయ్య వస్తున్నాడట. అటక మీది పాత పెట్టె ఇక పని చేయదు. ఈ కొత్త రూపం పని చేస్తుంది. పాత ఆటలకు పునర్విడుదలలు ఎందుకు అని అడిగేవారికి నాకు తెలిసిన జవాబు ఇదే.

సర్వే జనాః సుఖినో భవంతు.